మందు మానరాదు

కట్టడాల తనిఖీ కార్యాలయంలో పెద్ద గుమాస్తా తాగుడు మానేశాడన్న దుర్వార్త సోమవారం పదకొండు గంటలకు అధికారికంగా ధ్రువపడింది. ఫైలు చదువుతూ ఆయన రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుబడ్డాడు.

ఇరవై ఏళ్లు ఆ మహానుభావుడు చదవకుండా సంతకాలు పెట్టాడు. చేయి వణికితే పక్క గుమాస్తా మోచేయి పట్టుకునేవాడు. ఇంత ఐకమత్యం మరే కార్యాలయంలోనూ లేదని పై అధికారి మురిసిపోయేవాడు. మురవనిది ఇల్లాలొక్కతే. ఒట్లూ తాగుడు మాన్పించే శిబిరాలూ అన్నీ అయ్యాక, ఆస్పత్రిలో మొగుడి తలకు రెండు చిల్లులు పెట్టించి, మెదడులోకి సన్నని తీగలు దింపించి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ అమర్పించింది. సన్నగా కరెంటు పారేకొద్దీ ఆయన యావ చల్లారింది.

"ఏమండీ, సీసా చూస్తే ఏమనిపిస్తోంది?"

"మూత సరిగ్గా పెట్టలేదనిపిస్తోందే."

ఆమె వంటింట్లోకి వెళ్లి కరువుతీరా ఏడ్చింది.

కార్యాలయంలోనూ ఏడ్చారు. కొత్త బడి భవనం ఫైలు ఆయన బల్ల మీదే ఉంది మరి. ఆయన దాన్ని మొదటి పుట నుంచి చదివాడు. అంతటితో ఊరుకోక, స్వయంగా వెళ్లి గోడను వేలితో గీకాడు. ఇసుక జలజలా రాలింది. సంతకం పెట్టనని భీష్మించాడు.

పై అధికారి అత్యవసర సమావేశం పెట్టి, ఆస్పత్రి చీటీ తెప్పించాడు. అందులో డాక్టరు స్వహస్తాలతో రాసి ఉంది: ఎట్టి పరిస్థితుల్లోనూ మందు మానరాదు.

"వైద్యుల ఆదేశం విన్నారుగా. మన సోదరుడి ఆరోగ్యం క్షీణిస్తుంటే ఈ కార్యాలయం చేతులు ముడుచుకుని కూర్చోదు," అని గద్గదస్వరంతో ప్రసంగించాడు. ఆ మధ్యాహ్నమే ఒక సీసా, ఇన్‌వార్డు నంబరు వేయించుకుని మరీ, గుమాస్తా బల్ల మీదికి వచ్చింది.

ఇల్లాలు ఉరుకులు పరుగుల మీద డాక్టరు దగ్గరికి వెళ్లి, 'మందు' తీయించి 'మాత్రలు' అని రాయించుకొచ్చింది. కొట్టివేతలున్న పత్రం చెల్లదని కార్యాలయం చింతిస్తూ తెలియజేసింది.

గుమాస్తా సీసా ఎత్తాడు. అందరూ కుర్చీల్లోంచి లేచారు. ఆయన లేబులు ఆసాంతం చదివి, "తయారీ తేదీ కనబడటం లేదు" అని రాసి తిప్పి పంపాడు.

మర్నాడే పాత రికార్డుల గదికి బదిలీ అయింది.

"పరువు పోయిందే," అన్నాడు ఇంటికొచ్చి.

"పోతే పోనివ్వండి. మీరు మిగిలారు," అంది ఆమె.

ఆయన కుర్చీలోకి వచ్చిన కొత్తాయన సీసా లేకుండా మధ్యాహ్నం దాకా కూడా ఆగలేని మనిషని తెలిసి అందరి మనసులూ కుదుటపడ్డాయి. గంటలో ఫైలు కదిలింది, వారంలో బడి తెరిచారు. పిల్లల్ని దింపడానికి మనమంతా వెళ్లాం. గోడకు ఆనుకోవద్దని ఒక్కొక్కరికీ జాగ్రత్తలు చెప్పి, ఇంటికి వచ్చేశాం.