రెండు పాలీల మహాయాత్ర

సూరత్ తెలుగు యువత భవిష్యత్తు ఈ హోలీ పండుగ నాటికి పూర్తిగా మారిపోతుందని పరుశురాం అన్న ప్రకటించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఉండక తప్పదు. లింబాయత్‌లో ఫ్లెక్సులు కొట్టే దుకాణం నాది. మా పేటలో ఎవరి భవిష్యత్తు మారాలన్నా ముందు నా మిషన్ మీద ప్రింటు కావాలి.

పరుశురాం అన్నను ఎరగని పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్తాను. ఆయన మా తెలుగు సమాజం యువజన విభాగానికి అధ్యక్షుడు. ఒక పార్టీకి మా వార్డులో సహ సంయోజక్, అంటే కో-కన్వీనర్ కూడా. సహ సంయోజక్ ఏం చేస్తాడని ఒకసారి ఆయన్నే అడిగాను. "సంయోజక్ లేనప్పుడు ఎవలన్న వస్తే, ఆయన లేడని చెప్త" అన్నాడు. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి, మరమగ్గాల కారఖానాలో ఏళ్ల తరబడి నైట్ పాలీ చేసిన మనిషి ఇవాళ ఇంత బాధ్యత మోస్తున్నాడంటే మాకు గర్వంగా ఉండదా? పాలీ అంటే షిఫ్టు. మా వాళ్లకు కాలం పగలు, రాత్రి అని ఉండదు, డే పాలీ, నైట్ పాలీ అని ఉంటుంది.

ఆ రోజు సమాజం హాల్లో అన్న మైకు పట్టుకున్నాడు. సూరత్ అవతల కిమ్ అనే ఊరు దాటాక కొత్తగా పెట్టిన థీమ్ పార్కుకు నూట యాభై మంది యువతీ యువకులను తీసుకుపోతున్నామనీ, రెండు పగళ్లూ ఒక రాత్రీ అక్కడే బస అనీ, దీని పేరు 'యువ సంకల్ప రాత్రి విడిది మహాయాత్ర' అనీ చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న ఎల్లవ్వకు ఒక సందేహం వచ్చింది.

"కిమ్ ఎంత దూరమున్నది బిడ్డా? పొద్దుగాల పోయి మాపటికి రావచ్చు గద. నడుమ పండుకునుడు ఎందుకు?"

"అవ్వా, మాపటికి ఇంటికొస్తే అది పిక్నిక్. ఆడ్నే పండుకుంటే అది ఉద్యమం" అన్నాడు అన్న. హాలంతా చప్పట్లు కొట్టింది. ఎల్లవ్వ కూడా కొట్టింది.

అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. అడాజన్‌లో ఉండే పార్టీ ప్రభారి, అంటే మా వైపు వార్డులన్నిటికీ ఇన్‌ఛార్జి, మీటింగులో ఒక మాట చెప్పాడట. పార్టీ యాప్‌లో పగటి కార్యక్రమాలు ఎక్కించడానికి చోటే లేదు. రాత్రి విడిది చేసిన ఫోటో పెడితేనే లెక్కలోకి వస్తుంది. అట్లాంటి ఫోటో ఉన్నవాళ్ల పేర్లే వచ్చే కార్పొరేషన్ ఎన్నికల్లో టికెట్ కోసం చూస్తారు. నిద్రపోయి నాయకులైనవాళ్లు ఇదివరకు ఉన్నారు. నూట యాభై మందిని నిద్రపుచ్చి నాయకుడు కాబోతున్న మొదటి మనిషి మా అన్నే.

ఆ సాయంత్రమే మల్లేష్ నా దుకాణానికి వచ్చి రెండు పేర్లు రాయించుకున్నాడు. తనదీ, భార్య లతదీ. నా దుకాణం మీద ఉన్న ఖోలీలో అద్దెకు ఉంటారు. పెళ్లయి ఏడాది కాలేదు. అతనిది కారఖానాలో నైట్ పాలీ. ఆమె పగలు రింగ్ రోడ్ మార్కెట్‌లో చీరలు మడత పెడుతుంది. పొద్దున అతను మెట్లెక్కుతుంటే ఆమె దిగుతుంటుంది. మధ్య మెట్టు మీద ఆమె గది తాళం చెవి అతని చేతిలో పెడుతుంది. సాయంత్రం అదే మెట్టు మీద అతను ఆమె చేతిలో పెడతాడు. గదిలో మంచం ఒకటే. రెండోది కొనాల్సిన అవసరం వాళ్లకు ఇంతవరకు రాలేదు. ఆమెకు సెలవు ఆదివారం, అతనికి శుక్రవారం.

"హోలీకి మార్కెట్ బంద్ అన్నా. మా సేఠ్ యాత్రకొచ్చేటోళ్లకే ఛుట్టీ ఇస్తనన్నడు. పరుశురాం అన్ననే మాట్లాడిండు. ఒక్క పగలన్న ఇద్దరం కలిసి తిరుగుతం" అన్నాడు మల్లేష్. "లత జెయింట్ వీల్ ఎక్కుతనంటున్నది. నాకైతే భయం. అయినా ఎక్కుత."

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం చూస్తే నాకే సంతోషమనిపించింది. మొదటి ఫ్లెక్సు మంచి నీలం రంగులో కొట్టాను. 'ఏసీ హోటల్‌లో ఘన విడిది' అని పసుపు అక్షరాలు వేశాను.

మరునాడు అన్నా నేనూ హోటల్ చూడటానికి హైవే మీదికి పోయాం. అక్కడి మేనేజరుతో హిందీలో జరిగిన చర్చను పాఠకుల సౌకర్యం కోసం తెలుగులో ఇస్తున్నాను.

"ఒక రూముకు ఎంతమంది?" అన్నాడు అన్న.

"ఇద్దరు సార్."

"పాలీకా?"

"అంటే?"

"డే పాలీకి ఇద్దరు, నైట్ పాలీకి ఇద్దరు. మొత్తం నలుగురు."

"లేదు సార్. మొత్తం ఇద్దరే."

"మరి పొద్దున వాళ్లు బయటికి పోయినంక మంచం ఏం చేస్తుంది?"

"ఖాళీగా ఉంటుంది."

"జీతం లేకుండానా?"

మేనేజరు మంచినీళ్లు తెప్పించుకున్నాడు. పండుగ రేట్లు విన్నాక మేమూ తెప్పించుకున్నాం. బయటికి వచ్చాక అన్న ఆ భవనం వైపు జాలిగా చూశాడు. "మంచాలను పగలంత ఖాళీగ ఉంచుతున్నరు. గందుకే రేట్లు గిట్ల మండుతున్నయి" అన్నాడు. దేశంలో హోటళ్ల ధరల మీద ఇంత సూటి మాట నేను ఏ పేపర్లోనూ చదవలేదు. దుకాణానికి వచ్చి 'ఏసీ హోటల్' మీద 'పవిత్ర ధర్మశాల' అని స్టిక్కర్ అంటించాను.

ధర్మశాల ట్రస్టీ పెద్దమనిషి. మర్యాదగా కూర్చోబెట్టి, ఏ దేవుడి దర్శనానికి వస్తున్నారని అడిగాడు. యువశక్తి అన్నాడు అన్న. గుడి ఎక్కడుందని అడిగాడు ట్రస్టీ. థీమ్ పార్కులో అన్నాడు అన్న. ట్రస్టీ కాసేపు ఆలోచించి, యాత్రికులు కానివాళ్లకు హాలు ఇవ్వలేననీ, పెళ్లయిన జంటలేమైనా ఉంటే జంటకో చిన్న గది నామమాత్రపు అద్దెకు ఇప్పిస్తాననీ, మిగతావాళ్లు పొద్దున వచ్చి రాత్రికి ఇళ్లకు పోవచ్చుననీ చెప్పాడు.

నాకు మల్లేష్ గుర్తొచ్చాడు. "ఇది మంచిగనే ఉన్నది గద అన్నా" అన్నాను.

"జంటలు లోపలికి పోయి తలుపులు పెట్టుకుంటరు. అప్పుడు ఫోటోల ఏం కనవడ్తది?" అన్నాడు అన్న. "తలుపులు."

నాయకుడికీ మామూలు మనిషికీ తేడా అక్కడే ఉంటుంది. స్టిక్కర్ పీకేశాను.

మూడో రోజున కిమ్‌లో ఒక సేఠ్ దొరికాడు. ఆయన మగ్గాల కారఖానాలో పనివాళ్లంతా హోలీకి ఊళ్లకు పోతున్నారు. కారఖానా పక్కనే వాళ్లు పడుకునే పొడుగాటి రేకుల గది ఉంది. థీమ్ పార్కు అక్కడికి నడిచిపోయేంత దూరం. గది ఉచితంగా వాడుకోమన్నాడు సేఠ్. "యువత కోసం ఈ మాత్రం చేయకపోతే ఎలా?" అన్నాడు. అయితే మంచాలు మా మందిలో సగానికే సరిపోతాయి.

అన్న గది మధ్యలో నిలబడి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి మొహంలో వెలుగు ఉంది.

"రెండు పాలీలు" అన్నాడు. "లేడీస్ డే పాలీ. పగలంత పార్కుల ఉంటరు, రాత్రి పండుకుంటరు. జెంట్స్ నైట్ పాలీ. పగలు పండుకుంటరు, రాత్రి పార్కుకు పోతరు. మంచం ఒక్క గంట ఖాళీగ ఉండది."

"రాత్రి పార్కు నడుస్తదా అన్నా?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "నువ్వు ఫ్లెక్సులు కొట్టేటోనివి. మిషన్ల సంగతి నీకేం ఎరుక? ఓనరు కోట్లు పెట్టి గంత పెద్ద మిషన్లు దింపిండు. ఒక్క పాలీ నడిపి బంద్ చేస్తే వానికేం గిట్టుబాటయితది?"

వెంట వచ్చిన కార్యకర్తలంతా తలలూపారు. అందరూ మగ్గాల మీద బతికినవాళ్లే. నేనూ ఊపాను. రాత్రిపూట ఆగే మిషన్‌ను సూరత్‌లో నేనూ ఎన్నడూ చూడలేదు. ఎవరూ ఫోన్ చేసి కనుక్కోలేదు. పొద్దు తూర్పున పొడుస్తుందా అని ఎవరైనా ఫోన్ చేసి కనుక్కుంటారా?

సంగతి తెలిసి మల్లేష్ దుకాణానికి వచ్చాడు. "లతది డే పాలీ, నాది నైట్ పాలీ అటగద అన్నా" అన్నాడు. ఆ మాట నేను అన్న చెవిన వేశాను. కనీసం మొగుడూ పెళ్లాలను ఒకే పాలీలో వేయమన్నాను. అన్న ఓపిగ్గా విన్నాడు.

"ఒక్కన్ని పాలీ మారిస్తే మంచాల హిసాబ్ మొత్తం ఖరాబైతది. రూలు అందరికీ ఒక్కటే. అయినా పాలీ మారేటప్పుడు గేటు కాడ కలుస్తరు గద" అన్నాడు.

హోలీ పొద్దున బస్సులు కదిలాయి. మల్లేష్ నైట్ పాలీ దిగి తిన్నగా బస్సు దగ్గరికే వచ్చాడు. జుట్టులో నూలు పీచు అట్లాగే ఉంది. లత కొత్త పంజాబీ డ్రెస్సు వేసుకుంది. రోజూ లాగే గది తాళం చెవి అతని చేతిలో పెట్టింది. ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. ఊరు దాటకముందే అతను ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. కిమ్ వచ్చేదాకా ఆమె కదల్లేదు. అప్పటికి కాళ్లు తిమ్మిరెక్కినట్టున్నాయి, దిగేటప్పుడు కుంటింది.

ఆడవాళ్లు పార్కుకు పోయారు. మగవాళ్లు మంచాలెక్కారు. రాత్రంతా పని చేసి వచ్చినవాళ్లు కాబట్టి అంత క్రమశిక్షణతో నిద్రపోయిన యువజన విభాగం మరొకటి ఉండదు. అన్న మంచం మంచానికీ తిరిగి ఫోటోలు తీయించాడు. పగటి వెలుతురు కనిపించకుండా కిటికీలకు నా పాత ఫ్లెక్సులు కట్టించాడు.

సాయంత్రం పాలీ మారింది. ఆడవాళ్లు తడి జుట్లతో గేటు లోపలికి వస్తుంటే మగవాళ్లు బయటికి పోతున్నారు. గేటు దగ్గర లత, మల్లేష్ ఎదురుపడ్డారు. మల్లేష్ అలవాటు కొద్దీ జేబులోంచి గది తాళం చెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. లింబాయత్ గది తాళం చెవి అది. ఆమె కూడా అలవాటు కొద్దీ తీసుకుంది. తర్వాత ఇద్దరూ దానివైపు చూసి నవ్వారు.

"జెయింట్ వీల్ ఎక్కినవా?" అన్నాడు.

"ఎక్కలే. నువ్వు లేవు గద" అంది.

నేను ఫోటో తీశాను. వెనక నుంచి అన్న లైన్ కదలాలని అరిచాడు.

పార్కు గేటుకు పెద్ద తాళం వేసి ఉంది. అన్న ముందుకు పోయి చౌకీదారును పిలిచాడు.

"మేం నైట్ పాలీవాళ్లం. గేటు తెరువు."

"నైట్ పాలీ లేదు. పార్కు బంద్."

"మరి మిషన్లు?"

"అవీ బంద్."

"రాత్రంతానా?"

"పొద్దున దాకా."

మావాళ్లు చాలాసేపు ఆ గేటు ముందు కదలకుండా నిలబడ్డారు. వాళ్ల మొహాల్లో కోపం లేదు, అపనమ్మకమే ఉంది. "ఓనరు మునుగుతడు" అన్నాడు ఒకడు. మల్లేష్ గోడ మీదుగా చీకట్లో ఆగి ఉన్న జెయింట్ వీల్‌ను చూస్తున్నాడు.

తిరిగి వచ్చేసరికి మంచాల మీద ఆడవాళ్లు పడుకుని ఉన్నారు. ఆరుబయట సేఠ్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. యువకులు రాత్రిపూట ఖాళీగా తిరిగితే చెడు అలవాట్లు పట్టుకుంటాయని బాధపడ్డాడు. కారఖానా తలుపు తీసే ఉంది. విచిత్రం ఏమిటంటే పనివాళ్లెవరూ లేకపోయినా ప్రతి మగ్గం మీదా నూలు ఎక్కించి సిద్ధంగా ఉంది.

అన్న రెండు నిమిషాలు సేఠ్‌తో పక్కకు పోయి మాట్లాడి వచ్చాడు. "క్యాంపు అన్నంక నైట్ యాక్టివిటీ ఉంటది" అని ప్రకటించాడు. బ్యాగులోంచి స్టిక్కర్ తీసి ఫ్లెక్సు మీద అంటించాను. 'రాత్రి నైపుణ్య శిబిరం' అన్న స్టిక్కర్ అది. దాన్ని అన్న నాతో రెండు రోజుల ముందే ఎందుకు కొట్టించాడో నాకు అప్పుడు అర్థమైంది. తెల్లవార్లూ మావాళ్లే ఆ మగ్గాలు నడిపారు.

రెండో రోజు పొద్దున అడాజన్ నుంచి తెల్ల కారులో ప్రభారి వచ్చాడు. ముగింపు సభ మధ్యాహ్నం దాకా నడిచింది. యువత మేల్కోవాలని ఆయన చెప్తుంటే, రాత్రంతా మేల్కొని ఉన్న మావాళ్లు కూర్చున్నచోటే కునికారు. దీన్ని ఆయన ధ్యానం అనుకుని మెచ్చుకున్నాడు. మూడు గంటలకు బస్సులు తిరుగు ప్రయాణం. యాప్‌లో పెట్టే వీడియో కోసం ఎవరైనా యువతి బస గురించి రెండు మాటలు చెప్పాలన్నాడు ప్రభారి. అన్న ముందు వరసలో ఉన్న లతను లేపి నిలబెట్టాడు.

"తెలుగులనే చెప్పు చెల్లె, నేను హిందీల చెప్త" అన్నాడు.

లత ఒకసారి మల్లేష్ వైపు చూసింది. అతను గోడకు ఒరిగి నిద్రపోతున్నాడు. ఆమె చేతిలో తాళం చెవి అట్లాగే ఉంది.

"అచ్చం ఇంట్ల ఉన్నట్టే ఉన్నదన్నా" అంది.

"బిల్కుల్ ఘర్ జైసా" అని తర్జుమా చేశాడు అన్న. ప్రభారి కళ్లు చెమర్చాయి. లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇలాంటి బస వార్డు వార్డుకూ కావాలన్నాడు. ఈసారి టికెట్ మా అన్నదేనని అందరూ అంటున్నారు.

అభినందన ఫ్లెక్సు నిన్ననే కొట్టాను. నేను గేటు దగ్గర తీసిన ఫోటో నచ్చిందని అన్న దాన్నే వేయించాడు. అందులో లత లోపలికి వస్తోంది, మల్లేష్ బయటికి పోతున్నాడు. కింద పెద్ద అక్షరాల్లో 'అచ్చం ఇంట్లో ఉన్నట్టే' అని ఉంది. మా మెట్ల ఎదురుగానే కట్టాం. ఇద్దరూ చూశారు. అతను పొద్దున చూశాడు, ఆమె సాయంత్రం చూసింది.