మేస్త్రీ తట్టిన గొట్టం

ఆ పొద్దున పైపుల మేస్త్రీ వేసుకున్న పథకం చిన్నదే. గుట్టుచప్పుడు కాకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళి రావాలి. ఇంట్లో నోరు విప్పకూడదు. అంతే.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. "గుండెలోంచి ఒళ్ళంతటికీ రక్తం పోయే దారిలో ఒక తలుపుంటుంది పెద్దయ్యా. మీది గట్టిపడిపోయి సగం కూడా తెరుచుకోవట్లేదు. ఆ ఇరుకు సందులోంచి తోయలేక గుండె అలిసిపోతోంది. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం అందుకే."

"ఏవో మాత్రలు రాసివ్వమ్మా, పోతాను."

"మాత్రలకి ఆ తలుపు తెరుచుకోదు. కొత్తది వెయ్యాలి. తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి వేసే వీలుందేమో చూద్దాం. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఈసారి ఇంట్లోవాళ్ళని వెంటబెట్టుకు రండి."

మేస్త్రీ తలూపాడు. తీసుకొచ్చే ఉద్దేశం మాత్రం లేదు. భార్య కంట్లో నీళ్ళు చూడలేకపోవడం అతనికి నలభై ఏళ్ళుగా ఉన్న ఇంకో జబ్బు.

అతని ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. రెండు నెలలుగా ప్రతి మలుపులోనూ ఆగక తప్పడం లేదు. ఊరికే ఆగితే ఎందుకని అడుగుతారు. అందుకని గోడ వెంట పోయే నీళ్ళ గొట్టాన్ని స్పానరుతో తట్టి, చెవి ఆనించి, ఊపిరి సర్దుకునేదాకా కళ్ళు మూసుకుని నిలబడేవాడు. తర్వాత నిట్టూర్చి పైకి కదిలేవాడు.

చెయ్యి తిరిగిన మేస్త్రీ రోజూ గొట్టానికి చెవి పెట్టి నిట్టూరుస్తుంటే జనం ఊరుకుంటారా? మొదటి అంతస్తు ముసలమ్మ నిన్ననే అడిగింది. "గొట్టం ఎలా ఉంది నాయనా?" మాట రాక అతను చెయ్యి ఊపాడు. ఇక లాభం లేదన్నాడని ఆమె నాలుగు అంతస్తులకూ చాటింది.

ఇవాళ ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మెట్ల నిండా నీళ్ళు పట్టిపెట్టుకున్న బకెట్లు. రెండో అంతస్తు దర్జీ బట్టల మూటలు కిందికి మోస్తున్నాడు. ఇంటి యజమాని గొట్టం పీకించడానికి సుత్తులు పట్టిన ఇద్దరు మనుషులతో సిద్ధంగా ఉన్నాడు.

"ఎప్పుడు పగులుతుంది మేస్త్రీ?"

రెండంతస్తులు ఎక్కి వచ్చిన మేస్త్రీకి ఆయాసం ఆగలేదు. ఆగమన్నట్టు అయిదు వేళ్ళూ చూపించాడు.

"అయిదు రోజులా?" అన్నాడు యజమాని.

"అయిదు నిమిషాలేమో! ఆ మొహం చూడండి!" అని దర్జీ మూట భుజానికెత్తుకున్నాడు.

సుత్తి గొట్టం మీదికి లేచింది. మేస్త్రీ అడ్డం పడ్డాడు. "ఆగండ్రా! అది నేను స్వయంగా వేసిన గొట్టం. ఇంకో ఇరవై ఏళ్ళు చెక్కుచెదరదు."

"మరి రోజూ ఎందుకు తట్టి చూస్తున్నావయ్యా?"

మేస్త్రీ మెట్టు మీద కూలబడ్డాడు. "ఊపిరాడక."

సుత్తి కిందికి దిగింది. పైనుంచి భార్య మెట్లు దిగి వచ్చి పక్కన కూర్చుంది.

"రోజూ తలుపు దగ్గర నిలబడి లెక్కపెడుతూనే ఉన్నాను. మొదట్లో మలుపుకి నాలుగు దెబ్బలు కొట్టేవాడివి. నిన్న పదహారు కొట్టావు. నువ్వే చెబుతావని చూశాను."

మేస్త్రీ జేబులోంచి డాక్టరమ్మ గీసిచ్చిన బొమ్మ తీసి, ఆమె చెప్పినదంతా చెప్పాడు. ఒక్కటీ దాచలేదు.

"పాత గొట్టం పట్టుకు వేలాడకండి, గోడ కూడా పోతుందని అందరికీ చెబుతావుగా. మరి నీ సంగతో?"

"భయమేసిందే."

"నాకు మాత్రం వెయ్యదా? ఇద్దరం కలిసే భయపడదాం. రేపు పొద్దున్నే పద."

ఆమె కంట్లో నీళ్ళు తిరిగాయి. మేస్త్రీ ఈసారి మొహం తిప్పుకోలేదు.

గుండెలో కొత్త తలుపు పడింది. కొన్ని వారాలకు మేస్త్రీ స్పానరు తియ్యకుండా, ఏ మలుపులోనూ ఆగకుండా, నెమ్మదిగా నాలుగంతస్తులూ ఎక్కాడు.

మొదటి అంతస్తు ముసలమ్మ అది చూసి మళ్ళీ బకెట్లు నింపుకుంది. "గుండె అని ఏదో మాట దాటేశాడు గానీ, ఇవాళ గొట్టం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పూర్తిగా ఆశ వదిలేసుకున్నట్టున్నాడు."