మాబు సాహెబ్ ఎండబెట్టిన మందు

ఆ శనివారం ఉదయం మాబు సాహెబ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చిలకలూరిపేటలో బస్సెక్కాలి, మంగళగిరిలో దిగాలి, కూతురు నస్రత్ పనిచేసే మందుల ల్యాబు కళ్లారా చూడాలి, తిరిగొచ్చి మిరప కల్లంలో పదిమందికీ చెప్పాలి. ఏడాదికోసారి ఇంటివాళ్లను లోపలికి రానిస్తారట. నిజం చెప్పాలంటే ఆ చివరి పని కోసమే మిగతావన్నీ.

నస్రత్‌కు మాత్రం అది సరదా రోజు కాదు. ఉద్యోగంలో ఆమె ఆర్నెల్ల ట్రయల్ ముగిసింది. ఉద్యోగం ఉంచాలో ఊడబీకాలో పెద్దమేడమ్ దేవకుమారి ఈరోజు ఆమె పని చూసి తేలుస్తుంది. పరీక్షించాల్సింది ఒక ఫంగస్ మందు. పసుప్పచ్చటి పొడి, నీళ్లలో కరగదు, వెలుతురు తగిలితే చెడుతుంది. అందుకే దానికి గోధుమరంగు సీసా, పైన రేకు చుట్టు, ఫ్రిజ్‌లో కాపురం. తయారుచేసే కంపెనీవాళ్లేమో, ఇంత సింగారం దండగ, మామూలు గాజుసీసా చాలదా అని రోజూ ప్రాణం తీస్తున్నారు.

తండ్రికి తెల్లకోటు, గ్లౌజులు, మాస్కు తొడిగి, నస్రత్ ఫ్రిజ్‌లోంచి సీసా తీసి బల్లమీద పెట్టింది. చల్లదనం పోయేదాకా మూత తీయకూడదు.

"మేడమ్‌ని తీసుకొస్తా. దేన్నీ ముట్టుకోవద్దు నాన్నా."

"నేనేమన్నా చంటిపిల్లాడినా? పోయిరా తల్లీ."

ఆమె అటు వెళ్లిందో లేదో, సీసా పైనంతా నీటిబొట్లు. మాబు సాహెబ్ సీసా దగ్గరికి ఉరికాడు. "యా అల్లా! చెమ్మ!" పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మిరప పండించిన మనిషి. చెమ్మ తగిలితే ఏం చేయాలో ఆయనకు ఒకరు చెప్పాలా? రేకు పీకేశాడు. మూత తీశాడు. కిటికీ గట్టుమీద కాగితం పరిచి, పొడిని ఎండలో పల్చగా ఆరబోశాడు.

అప్పుడే నస్రత్ తోటి ఉద్యోగి ప్రేమ్‌చంద్ వచ్చాడు. తెల్లకోటు, నెరిసిన కనుబొమలు, చెంచాతో పొడి తిరగేస్తున్న ఆ దర్జా చూసి, కంపెనీ పంపిన పెద్ద సైంటిస్టే అనుకున్నాడు.

"నమస్కారం సార్. ఎండలో పెట్టి చూస్తున్నారా?"

"చూడటమేంటయ్యా, ఎండబెట్టకపోతే సరుకు నిలుస్తుందా? ఆ తెర పూర్తిగా లాగు. ఏసీ కూడా ఆపు."

"అలాగే సార్!" తెర లాగాడు. ఏసీ ఆపాడు. అంతటితో ఊరుకోక, తనూ ఒక చెంచా అందుకుని రెండో పక్కనుంచి తిరగేయసాగాడు.

నస్రత్ లోపలికొచ్చి కొయ్యబారిపోయింది. "నాన్నా!"

"కంగారుపడకమ్మా. సమయానికి చూశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే బూజు పట్టేది!"

"నాన్నా?" ప్రేమ్‌చంద్ చెంచా కింద పడేశాడు. దేవకుమారి గుమ్మం బయట ఫోన్‌లో మాట్లాడుతోంది. "మేడమ్ ఇంకా చూడలేదు. సీసాలో పోసి రేకు చుట్టేద్దాం!" అన్నాడు గుసగుసగా.

నస్రత్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. అయినా తల అడ్డంగా ఊపి, దేవకుమారికి ఎదురెళ్లింది. "మేడమ్, మా నాన్న దీన్ని ఎండబెట్టారు. ఆయన్ని వదిలి వెళ్లడం నా తప్పు. ఈ పొడిమీద మంచి రిపోర్టు నేను రాయలేను."

మాబు సాహెబ్ తల వంగిపోయింది. "పిల్లదేం తప్పు లేదమ్మా. గెంటితే నన్ను గెంటండి."

దేవకుమారి కాగితం వంక చూసింది. "పల్చగానే పోశారే. తిరగేశారా?"

"శుభ్రంగా తిరగేశాం మేడమ్," అని నాలిక్కరుచుకున్నాడు ప్రేమ్‌చంద్.

"అయితే పారేయకు నస్రత్. దీన్నీ, ఫ్రిజ్‌లో ఉన్న రెండో సీసా మందునీ పక్కపక్కన బూజుమీద వేసి, ఫొటోలు తియ్యి."

వారం తిరిగేసరికి ఫ్రిజ్ మందు దగ్గర బూజు మొలకెత్తలేదు. ఎండిన మందు దగ్గర పత్తిచేను పగిలినట్టు తెల్లగా విరగబూసింది. ఆ ఫొటోలు చూశాక కంపెనీ గాజుసీసా ఊసెత్తలేదు. నస్రత్ ఉద్యోగం ఖాయమైంది. "ఫొటోలకి కాదమ్మాయ్, ఆ రోజు దాచకుండా చెప్పావే, దానికి," అంది దేవకుమారి.

ఇక కల్లంలో మాబు సాహెబ్‌ను పట్టేవాళ్లు లేరు. "ఎండకి ఆ మందు చస్తుందని తేల్చింది మా అమ్మాయి! మరి ఎండబెట్టిందెవరనుకున్నార్రా? నేను!"

సైన్సు తెలిశాక ఇంకా పాత పద్ధతులేంటి? ఆ ఏడు పంటంతా ఎండ తగలకుండా కొట్టంలో చీకట్లో పోసి, పట్టాలు కప్పాడు. నెల తిరక్కముందే బూజుకు మందు పంపమని మంగళగిరికి ఫోన్ చేశాడు, గోధుమరంగు సీసాలోదే కావాలని.