లీకేజీ ఎవరి శాఖది?

కిడ్నీ నుంచి మూత్రసంచికి దిగే సన్నని గొట్టాన్ని దేవుడు సృష్టించి ఉండవచ్చు గానీ, అది ఏ శాఖ కిందికి వస్తుందో నిర్ణయించాల్సింది మాత్రం ఆసుపత్రి యాజమాన్యమే.

బెంగళూరు పీణ్యలోని ఫ్యాక్టరీలో బోల్టులు ప్యాక్ చేసే ఎల్లమ్మకు గడ్డలున్నాయని ఒక పెద్ద ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారు. ఈ గొట్టం గర్భసంచిని దాదాపు ఆనుకునే పోతుంది. రక్తనాళానికి ముడి వేసేటప్పుడు దానికీ దెబ్బ తగిలింది. (అరుదుగా ఇలా జరగవచ్చని ముందే ఇంగ్లీషులో రాసి ఇచ్చారు. ఎల్లమ్మ తెలుగులో సంతకం పెట్టింది.)

ఇంటికొచ్చాక ఎడమ పక్క నడుములో పోటు మొదలైంది. పగలూ రాత్రీ బట్టలు తడిసిపోతున్నాయి. భర్త లింగన్నను వెంటబెట్టుకుని మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళింది. సహాయ కేంద్రంలో కూర్చున్న మేఘన, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా సమస్యేమిటని అడిగింది. వెనక వరుసలో అంతా మగవాళ్ళు. ఎల్లమ్మ గొంతు తగ్గించింది.

"నీళ్ళు కారతాండాయమ్మా. నిలిచేదే ల్యా."

"ఎక్కడ?"

"కింద."

మేఘన 'గ్రౌండ్ ఫ్లోర్, నీటి లీకేజీ' అని నమోదు చేసింది.

నమోదైన ఫిర్యాదును పరిష్కరించే అధికారం అందరికీ ఉంది, సరిదిద్దే అధికారం ఎవరికీ లేదు. కాబట్టి భవన నిర్వహణ అధికారి ఆవులప్ప పానా పట్టుకుని స్వయంగా వచ్చాడు.

"ఏ కొళాయప్పా? యాడుండాది?"

"కొళాయి కాదన్నా, మా ఆడమనిషి," అన్నాడు లింగన్న.

ఆవులప్ప ఆలోచించాడు. మనుషులు తన పరిధిలోకి రారు. అయినా వచ్చినందుకు పక్కనున్న కొళాయికి వాషర్ మార్చి, సమస్య తీరిందని రాసి వెళ్ళాడు.

ఎల్లమ్మ స్త్రీల విభాగానికి వెళ్ళింది. ఆపరేషన్ విజయవంతమైందనీ, గర్భసంచే లేని మనిషితో తమకిక సంబంధం లేదనీ అక్కడ మర్యాదగా తేల్చారు.

కిడ్నీల విభాగంలో డాక్టర్ హరిణి ఒక్కతే ఆమెను పడుకోబెట్టి చూసింది. మందు ఎక్కించి స్కాన్ తీయాలంది. గొట్టం నలిగి ఉంటే లోపల సన్నని స్టెంట్ పెట్టవచ్చు, తెగి ఉంటే మూత్రసంచికి మళ్ళీ కలిపి కుట్టవచ్చు. "కానీ ఆలస్యం చేస్తే ఆ కిడ్నీ దక్కదమ్మా," అంది.

అయితే దెబ్బ తగిలిన చోటు రెండు విభాగాల మధ్య ఉంది. అక్కడ స్కాన్ తీయాలన్నా, చెయ్యి పెట్టాలన్నా స్త్రీల విభాగం ఆ భాగాన్ని అప్పగించాలి. అప్పగిస్తే దెబ్బ తమదని ఒప్పుకున్నట్టవుతుంది. విషయం సరిహద్దుల కమిటీకి వెళ్ళింది. (అలాంటి కమిటీ ఉందని అప్పటిదాకా దాని సభ్యులకూ తెలియదు.) గొట్టం పై కొస, కింది కొస ఎవరివో మొదటి సమావేశంలోనే తేలింది. మధ్యలో రెండు వేళ్ళ మేర మిగిలింది. దాని కోసం మళ్ళీ మళ్ళీ కూర్చున్నారు. ఎల్లమ్మ బయట బెంచీ మీద, కింద పాతచీర మడతలేసుకుని కూర్చుంది.

ఒక ఉదయం చీర తడవలేదు. నడుము పోటూ లేదు.

"నిలిచిపోయినాయి," అంది ఎల్లమ్మ. లింగన్న గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

హరిణి ఇక అనుమతి కోసం ఆగకుండా స్కాన్ తీయించింది. ఎడమ కిడ్నీ పనిచేయడం మానేసింది. కారడానికి అందులోంచి ఏమీ రావడం లేదు.

ఆ మధ్యాహ్నమే కమిటీ సమావేశమై, కోత లేకుండానే లీకేజీని ఆపగలిగినందుకు రెండు విభాగాలనూ ఏకగ్రీవంగా అభినందించింది.