కొహాకుకి రెండు ఎడమచేతులు

ఆ సోమవారం పొద్దున టోకితా షిగెహరు వేసుకున్న పథకం చిన్నదే. టీవీవాళ్ల ఆఫీసుకి వెళ్లాలి, తీపి పెట్టె చేతిలో పెట్టాలి, నడుం విరిగేలా ఒక్కసారి వంగాలి, మధ్యాహ్నానికి ఓగికుబోలోని తన ఆఫీసుకి తిరిగొచ్చి వేడివేడిగా సోబా నూడుల్స్ తినాలి. అంతే. క్షమాపణకి పట్టుకెళ్లే తీపి బరువుగా ఉండాలి గనక, చిక్కుడుగింజల పాకంతో పోసిన యోకాన్ దిమ్మలు కొన్నాడు. ఇటుకల్లా ఉన్నాయి.

టోకితా పనిచేసేది బట్టలుతికే కొట్టు మీద మేడలో, కార్టూన్ సీరియళ్లు గీసే ఓ చిన్న కంపెనీలో. మొత్తం పద్దెనిమిది మంది. గడువుకి పని పూర్తి చేయించడం, తిట్లు తినడం ఇతని ఉద్యోగం. శనివారం సాయంత్రాలు వచ్చే కత్తి యుద్ధాల సీరియల్ వాళ్లదే. అందులో కొహాకు అనే పిల్ల కత్తి దూస్తే పేరున్న దొంగలే పారిపోతారు. సీరియల్ మొదటి సగం డిస్కులు బాగా అమ్ముడైతే రెండో సగం కూడా వీళ్లకే ఇస్తామన్నారు. లేదంటే పద్దెనిమిది మందీ ఎవరింటికి వాళ్లు.

మొన్న శనివారం ఏడో భాగం వచ్చింది. వంతెన మీద కొట్లాటలో మూడంటే మూడు సెకన్లు కొహాకు రెండు చేతులూ ఎడమచేతులే. బొటనవేలు ఉండకూడని పక్కన ఉంది. నోట్లో అన్నం ముద్ద పెట్టుకున్న టోకితాకి అది లోపలికి దిగలేదు, బయటికీ రాలేదు.

ఆ చేయి గీసిన ఇవాసా గారు అరవై దాటిన మనిషి. ఆవిడకి చీమ కుట్టినట్టయినా లేదు. "కొట్లాటలో చేతులెవడు చూస్తాడు బాబూ? నోరు మూసుకుని కూర్చో. డిస్కు వేసేటప్పుడు సరిగ్గా గీసిస్తాలే."

"తప్పు చేసి చెప్పకపోతే ఎలాగండీ?"

"చెబితే ఎలాగో నలభై ఏళ్లుగా చూస్తున్నా."

వింటేనా? వెళ్లాడు. టీవీ ఆఫీసులో ఈ సీరియల్ చూసుకునే మునకాతా గారు పెట్టె అందుకుని, బరువు చూసి, మొహం వేలాడేశాడు. "అయ్యో! ఎవరు పోయారండీ?"

"ఎవరూ పోలేదండీ. రెండు ఎడమచేతులు వచ్చాయి."

మునకాతా టేపు నాలుగుసార్లు వేసి చూశాడు. చూసినకొద్దీ పాలిపోయాడు. "నేనసలు గమనించనేలేదు. నాకెందుకు చెప్పారు మహానుభావా? తెలియనంతసేపూ తప్పు మీదే. ఇప్పుడు తెలిసి స్పాన్సరుకి చెప్పకపోతే నాది కూడా. లేవండి, పోదాం."

దారిలో ఇంకో పెట్టె కొన్నారు. ఇది మొదటిదానికన్నా బరువు.

స్పాన్సరు పిల్లల బొమ్మలు చేసే కంపెనీ. అక్కడ హిరుకావా గారు చెప్పిందంతా విని, లోపలికెళ్లి, జానెడు కొహాకు బొమ్మ తెచ్చి బల్ల మీద నిలబెట్టాడు. రెండు చేతులూ ఎడమవే.

"నమూనాకని మీరు పంపిన చిత్రం ఆ వంతెన మీదదేనండీ. ఐదు వేలు పోతపోసేశాం."

"మీకు అనుమానం రాలేదా?" అడిగాడు టోకితా.

"రాకేం. కానీ గీసినవాళ్లు మీరు. మిమ్మల్ని అడగడానికి మేమెంతవాళ్లం?" అని హిరుకావా నడుం వంచాడు. ఆయన వంగాడని టోకితా ఇంకా కిందికి వంగాడు. ఇద్దరూ వంగితే తానొక్కడే నిలబడడం బాగోదని మునకాతా కూడా వంగాడు. ముందు తలెత్తినవాడిదే తక్కువ క్షమాపణ అవుతుందని ఎవరూ ఎత్తలేదు. టీ తెచ్చిన అమ్మాయి, ఏదో పడిపోతే వెతుకుతున్నారనుకుని తనూ వంగి చూసింది.

ఐదు వేల బొమ్మలూ పిండి చేసి, సరైన కుడిచేతితో మళ్లీ పోశారు. ఇవాసా గారు ఆ మూడు సెకన్లూ తిరిగి గీశారు. డిస్కులు అచ్చుకి వెళ్లాయి.

ఇక మిగిలింది సీరియల్‌కి మూలమైన బొమ్మల కథని పత్రికలో రాసి గీసే ఉబుకాతా ఫుమి గారు. ఆవిడ దగ్గరికి నేరుగా పోకూడదు, పత్రికవాళ్ల ద్వారానే పోవాలి. పత్రిక ఎడిటరు, "అమ్మగారు తరవాతి భాగం రాస్తున్నారు, గడువు మీద ఉన్నారు, ఇప్పుడు కదిలించకండి" అన్నాడు. కదిలించకుండా ఐదు వారాలు ఆగాడు టోకితా. ఆఖరికి పిలుపొచ్చింది. ఈసారి మూడు పెట్టెలు పట్టుకెళ్లి చాప మీద నుదురు ఆనించాడు.

"తప్పా?" అందావిడ, సన్నటి గొంతుతో. "అది తప్పా?"

లేచి వెళ్లి, అచ్చు తడి ఆరని పత్రిక ప్రతి ఒకటి తెచ్చి ముందు పెట్టింది. అందులో వంతెన మీద కొహాకు కుడిచేయి తెగిపోతుంది. చచ్చిపోతూ వాళ్లక్క తన చేయి ఇస్తుంది. అక్కకి మిగిలింది ఎడమదే.

"టీవీలో ఆ రెండు ఎడమచేతులు చూసి, నాకు తట్టనిది మీవాళ్లకి తట్టిందే అని మూడు రోజులు ఏడ్చానండీ. ఏమిటి దాని అర్థమని అడగబోయాను. అడిగితే అర్థం కాలేదనుకుంటారని ఊరుకుని, నేనే ఆలోచించి రాశాను. ఎల్లుండి పత్రిక వస్తుంది." ఆవిడ కళ్లు ఆశగా మెరిశాయి. "డిస్కులో ఆ చేయి అలాగే ఉంచారు కదా?"

టోకితా తన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఏది ఏదో తెలియనట్టు వాటికేసే చూస్తూ కూర్చున్నాడు.

పత్రిక వచ్చింది. పిల్లలూ పెద్దలూ అక్క చేతి కోసం కళ్లు తుడుచుకున్నారు. వారానికి డిస్కు వచ్చింది. "అక్క చేతిని తుడిచేశారు, మనుషులేనా!" అని ఊరంతా దుమ్మెత్తిపోసింది. కొన్నవాళ్లు వెనక్కి పంపారు. బొమ్మలు కూడా వాటి వెంటే నడిచాయి. పిండి చేసినవాటిలో ఒక్కటైనా మిగిలిందేమోనని హిరుకావా గారు చెత్తబుట్టలు వెతికించారట.

నెలాఖరుకి మునకాతా గారే స్వయంగా మేడెక్కి వచ్చాడు. చేతిలో తీపి పెట్టె. దాని బరువు చూడగానే టోకితాకి విషయం తెలిసిపోయింది. సీరియల్ రెండో సగం వేరే కంపెనీకి ఇచ్చారు, కథ మనసు తెలిసినవాళ్లకి.

"నే చెప్పలా" అని ఇవాసా గారు అనలేదు. అనకపోవడమే ఎక్కువ కోసింది. ఆవిడ పెన్సిళ్లు ఒక్కొక్కటే గుడ్డలో చుట్టుకుంటుంటే, టోకితా మూలన కూర్చుని కంపెనీ తరఫున పత్రికలకి ఇవ్వాల్సిన ఆఖరి ప్రకటన రాశాడు. నాలుగుసార్లు కొట్టేసి, ఐదోసారి ఇలా కుదిరింది:

"డిస్కులోని ఏడో భాగంలో మూడు సెకన్లపాటు కొహాకు కుడిచేయి కుడిచేయిలాగే కనబడినందుకు తీవ్రంగా చింతిస్తున్నాము."