తాబేలు రిలీజ్ కార్యక్రమం

'రిలీజ్' అనే ఇంగ్లీషు క్రియకు విడిచిపెట్టడం అని అర్థం. వాడుకలో మాత్రం దానికి ముఖ్య అతిథి కావాలి. మా విశాఖపట్నంలో క్యాలెండరైనా, కరపత్రమైనా, క్రికెట్ పోటీల పోస్టరైనా అతిథి చేయి పడందే విడుదల కాదు. ఊరంతా అతికించేసిన పోస్టరును కూడా తర్వాత తీరిగ్గా రిలీజ్ చేస్తారు. పద్ధతంటే పద్ధతే.

మొన్న ఫిషింగ్ హార్బర్ పక్క ఒడ్డున కూడా ఈ పద్ధతే పాటించారు. వీరన్న వలలో పెద్ద తాబేలు చిక్కుకుంది. అతనూ, భార్య మహాలక్ష్మమ్మా వల కోసి దాన్ని నీళ్లవైపు మోసుకెళ్తుండగా, సాగరప్రాణి సంరక్షణ సమితి అధ్యక్షులు ఉదయ్‌కుమార్ గారు సకాలంలో అడ్డుపడ్డారు. తాబేలును ప్లాస్టిక్ తొట్టెలో పెట్టించి, తొట్టెకు బంతిపూలు చుట్టించి, వెనక బ్యానర్ కట్టించారు.

"ఎండకి మాడిపోతంది బాబూ. కూర్మనాథుడండి. దీని పేనం పోతే పాపం మాకు సుట్టుకుంటాది. ఒగ్గెయ్యండి," అని బతిమాలాడు వీరన్న.

"ఒగ్గేస్తే తాబేలు వెళ్లిపోతుంది, అంతే కదయ్యా! రిలీజ్ చేస్తే పదిమందికీ తెలుస్తుంది," అని ఆయన ఓపికగా బోధించారు.

ముఖ్య అతిథి అచ్యుతాపురంలో మరో రిలీజ్‌లో ఉన్నారు. బయల్దేరారన్న కబురు మాత్రం పలుమార్లు వచ్చింది. ఎండ నెత్తికెక్కింది. తాబేలు మెడ వాల్చేసింది. దాని క్రమశిక్షణను ఉదయ్‌కుమార్ గారు మైకులో మెచ్చుకున్నారు.

చివరికి కారు ఆగగానే జనమంతా అటు పరిగెత్తారు. మహాలక్ష్మమ్మ తొట్టె దగ్గరే ఉండిపోయింది.

"ఈల్ల సన్మానం అయ్యేసరికి ఇది సచ్చిపోతాది. పట్టు మావా," అంది.

ఇద్దరూ తాబేలు వీపున పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని, అలల్లోకి ఒగ్గేశారు. అది కాసేపు కదల్లేదు. తర్వాత కాళ్లాడించి మునిగిపోయింది. మహాలక్ష్మమ్మ ఏడ్చింది, సంతోషంతోనే లెండి.

ఇవతల శాలువా, జ్ఞాపిక, ప్రసంగం యథావిధిగా జరిగాయి. "ప్రతి ప్రాణికీ స్వేచ్ఛే మా ధ్యేయం!" అని అతిథి గర్జించారు. అనంతరం కెమెరా వైపు చూస్తూ, రెండు చేతులా తొట్టెను సముద్రంలోకి వంచారు. నీళ్లు పడ్డాయి. బంతిపూలు పడ్డాయి. చప్పట్లు మోగాయి.

మర్నాటికి ఆ ఫొటో ఊళ్లోని ఫోన్లన్నిటికీ చేరింది. 'తాబేలుకు విముక్తి' అన్న శీర్షిక కింద అతిథి, శాలువా, తొట్టె స్పష్టంగా కనిపిస్తున్నాయి. తాబేలు ఏదని ఒక్కరూ అడగలేదు. మీరు కూడా చేతులు జోడించిన బొమ్మ పెట్టి, మరికొందరికి పంపారు. నాకు మీ దగ్గర్నుంచే వచ్చింది.