పాద ప్రగతి: మొదటి విడత, ఎడమ కాలు

తమ ప్రభుత్వంలో ఇకమీదట వాచిన కాలు కనబడదని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. ఆ మాట అంటూ బల్ల గుద్దారు. మంచినీళ్ల గ్లాసు ఎగిరి పక్కనున్న శాఖ డైరెక్టరుగారి ఒళ్లో పడింది. డైరెక్టరుగారు తడిసిన ప్యాంటుతోనే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంతటి అంకితభావం నేను అంతకుముందు చూడలేదు.

పథకం పేరు 'పాద ప్రగతి'. కాళ్లు వాచినవాళ్లందరికీ, పాదం నుంచి మోకాలి దాకా గట్టిగా పట్టి ఉంచే బిగుతు మేజోళ్లు ఉచితంగా ఇస్తారు. మొదటి విడతలో ఎడమ కాళ్లకు. రెండో విడతలో కుడి కాళ్లకు.

"రెండూ ఒకేసారి ఇవ్వొచ్చు కదండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

"ప్రగతి అంటే ఒక్కో అడుగూ వెయ్యడం" అన్నారు మంత్రిగారు. "రెండు కాళ్లూ ఒకేసారి వేస్తే దాన్ని గెంతడం అంటారు."

విలేకరి సిగ్గుపడి కూర్చున్నాడు.

నేను ఆ ప్రకటన సభకు మా అక్కకు తోడుగా వెళ్లాను. అక్క బట్టల దుకాణంలో పనిచేస్తుంది. షట్టరు లేచింది మొదలు దిగేదాకా కౌంటరు వెనక నిలబడే ఉంటుంది. సాయంత్రానికి పిక్కలు దిండ్లలా ఉబ్బుతాయి. పోయిన ఏడాది ఎడమ చీలమండ దగ్గర చర్మం పగిలి పుండు పడింది. మానడానికి నెలలు పట్టింది. ఈసారి బిగుతు మేజోళ్లు లేకుండా నిలబడితే అది మళ్లీ పగులుతుందని డాక్టరు చెప్పాడు. నిలబడకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని యజమాని చెప్పాడు. ఇద్దరూ ఎంతో మర్యాదగానే చెప్పారు. సోమవారం ఆమె పనిలోకి వెళ్లాలి.

"ఒక కాలికే ఇస్తారట అక్కా."

"ఇవ్వనీరా. రెండో కాలికి నేను సర్దిచెప్పుకుంటాను."

కొలతల కార్యక్రమం శుక్రవారం పొద్దున అన్నారు. ఆసుపత్రి హాల్లో వరసకట్టి నిలబడ్డాం. మంత్రిగారు సాయంత్రం వచ్చారు. అప్పటికి, ఏ జబ్బూ లేకుండా ఊరికే తోడు వచ్చినవాళ్లకు కూడా పథకానికి అర్హత వచ్చేసింది.

మేజోళ్లు తొడగడంలో శిక్షణ పొందిన నర్సు టేపు పట్టుకుని ముందుకొచ్చింది. "సార్, ఇప్పుడు కొలవకూడదండీ. పొద్దున మంచం దిగకముందు కొలవాలి. సాయంత్రానికి కాళ్లు ఉబ్బిపోతాయి. ఈ కొలతకి తెప్పిస్తే రేపు వదులైపోయి జారిపోతాయి."

"నేను వచ్చినప్పుడే పొద్దున" అన్నారు మంత్రిగారు.

మొదటి కాలు మా అక్కది. ఆమెను పరీక్ష బల్ల మీద కూర్చోబెట్టారు. మంత్రిగారు కింద గొంతుక్కూర్చుని ఆమె పిక్క చుట్టూ టేపు చుట్టి, తలెత్తి చూశారు. ఆయన ముఖంలోకి ఒక మెత్తదనం వచ్చింది. ఇంకో మనిషిని కిందనుంచి పైకి చూసి ఆయనకు చాలాకాలమై ఉంటుంది. ఏదో జ్ఞాపకం రాబోయినట్టుంది. ఇంతలో మోకాళ్లు నొప్పెట్టాయి.

తరవాత తొడగడం. "మడమ దాకా తిరగేసి పట్టుకోవాలి సార్, ముందు పాదం దూర్చి, ఆ తరవాత కొంచెం కొంచెంగా..." అని నర్సు చెబుతూనే ఉంది. మంత్రిగారు రెండు చేతులతో అంచు పట్టి ఒక్క లాగు లాగారు. అక్క బల్ల మీదనుంచి ముందుకు జారింది. నేను అక్కను వెనకనుంచి పట్టుకున్నాను. డైరెక్టరుగారు మంత్రిగారిని వెనకనుంచి పట్టుకున్నారు. ప్రజలకూ ప్రభుత్వానికీ మధ్య అంత గట్టి బంధం ఆ హాలు ఎన్నడూ ఎరగదు.

"కాస్త నెమ్మదండీ. అది ఊడొచ్చే కాలు కాదు" అంది అక్క.

"మీరు సహకరించాలమ్మా!"

"నేను సహకరిస్తూనే ఉన్నానండీ. మేజోడే వినడం లేదు."

అది చీలమండ దాటగానే ఫోటోలు తీశారు. మర్నాటి పత్రికల్లో శీర్షిక: 'ప్రజల కాళ్లు పట్టుకున్న మంత్రి'. ఎన్నికలు లేని ఏడాదిలో ఇది చాలా అరుదైన సంగతి.

ఫోటోలు కాగానే డైరెక్టరుగారు మేజోడు విప్పించి జేబులో పెట్టుకున్నారు. "ఇది ప్రారంభోత్సవం మేజోడమ్మా. దీన్ని భద్రపరచాలి."

"మరి నాదండీ?"

"కొలతలు వెళతాయి. మేజోళ్లు వస్తాయి."

ఎక్కడికి వెళతాయో, ఎక్కడినుంచి వస్తాయో ఆయన చెప్పలేదు. నర్సును పక్కకు పిలిచి మెల్లగా అడిగారు. "పొద్దున కాళ్లు సన్నబడతాయన్నావే, మేజోళ్లు వేసుకోకపోయినా సన్నబడతాయా?"

"అవును సార్. పడుకుని లేస్తారు కదా."

డైరెక్టరుగారు కళ్లు మూసుకున్నారు. కనుబొమల మధ్య చిన్న ముడి పడింది, విడిపోయింది. ఒక అధికారిలో ఆలోచన పుట్టడం అంత దగ్గరగా నేను చూడటం అదే మొదలు. ఆయన మైకు అందుకున్నారు. రేపు పొద్దున అందరూ రావాలి, మళ్లీ కొలుస్తాం, వాపు తగ్గినవాళ్లకు అభినందన పత్రం, తగ్గనివాళ్లకు మాత్రమే మేజోళ్లు.

"ఏమీ ఇవ్వకుండా ఎలా తగ్గుతుందండీ?" అని వరసలోంచి ఒక ముసలాయన అడిగాడు.

"సంకల్పంతో" అన్నారు డైరెక్టరుగారు.

ఇంటికి నడుస్తూ అక్క లెక్క కట్టింది. "ఒరేయ్, పొద్దునకి నా కాలు సన్నబడితే నాకు మేజోడు రాదు. అంతేనా?"

"అంతే."

"అయితే పడుకోను."

పడుకోలేదు. నిలబడి ఇంట్లో బట్టలన్నీ ఇస్త్రీ చేసింది. అయిపోయాక నా చొక్కాలు నలిపి మళ్లీ చేసింది.

తీరా ఆసుపత్రికి వెళ్తే, అందరూ అదే పని చేసి వచ్చారు. ముసలాయన ఊరంతా రెండుసార్లు చుట్టివచ్చానని గొప్పగా చెప్పుకుంటున్నాడు. నర్సు కొలుస్తోంది, డైరెక్టరుగారు బోర్డు మీద రాస్తున్నారు. ఎడమవైపు 'ముందు', కుడివైపు 'తరవాత'. ఏ కాలూ తగ్గలేదు. అన్నీ పెరిగాయి. బయట మంత్రిగారి కారు హారన్ వినిపించింది. డైరెక్టరుగారి మెడ మీద చెమట పట్టింది. ఆయన చేతిరుమాలు తీసి, చెమట తుడుచుకోకుండా, బోర్డు మీద ఆ రెండు మాటలూ తుడిచి, 'ముందు' ఉన్నచోట 'తరవాత', 'తరవాత' ఉన్నచోట 'ముందు' అని రాశారు.

దాంతో అందరికీ తగ్గిపోయింది.

"అభినందనలమ్మా" అన్నారు అక్కతో. "మీ వాపు తగ్గింది."

అక్క వంగి కాలు చూసుకుంది. "ఎప్పుడు సార్?"

"నిన్న సాయంత్రమే."

"మరి ఇదేంటండీ?"

"అది తగ్గకముందు వాపమ్మా."

వెంటనే కృతజ్ఞతా సభ పెట్టారు. వేదిక మీద మంత్రిగారు, డైరెక్టరుగారు, పార్టీ పెద్దలు కూర్చున్నారు. లబ్ధిదారులు కింద నిలబడ్డారు. మొదటి కాలు కాబట్టి నాలుగు మాటలు చెప్పమని మా అక్కను పైకి పిలిచారు. ఆమె మైకు కర్రను రెండు చేతులా పట్టుకుంది. నిద్రలేని మనిషి మనసులో మర్యాదలన్నీ ఒక్కొక్కటే ఆరిపోయి చివరికి ఒక్క కోరికే మిగులుతుంది.

"నాకు కుర్చీ కావాలి" అంది.

మంత్రిగారి చేతులు వాటంతట అవే కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి.

"ఏమన్నారమ్మా?"

"కుర్చీ అండీ. ఎంతసేపని మీరే కూర్చుంటారు?"

కిందనుంచి ముసలాయన "అదీ మాట!" అన్నాడు. ఇంకెవరో "కుర్చీ ఇవ్వాలి!" అని అరిచారు. రాత్రంతా నిలబడ్డ జనం. క్షణంలో హాలంతా "కుర్చీ! కుర్చీ!" అని మోగిపోయింది. మంత్రిగారు వెనక తలుపులోంచి వెళ్లిపోయారు. వెళ్తూ తన కుర్చీ కూడా మోయించుకుపోయారు. అక్క వేదిక మెట్టు మీద కూలబడింది.

పార్టీ పెద్ద ఒకాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీ అక్కగారిది ఏ వర్గం?"

"బట్టల దుకాణమండీ."

"వ్యాపార వర్గమా!" అని ఆయన పాలిపోయిన ముఖంతో ఫోన్ తీశాడు.

ఆదివారం పొద్దున్నే మా తలుపు తట్టారు. నర్సు, వెనక మంత్రిగారి పి.ఏ. నర్సు అక్కను మంచం దిగనివ్వలేదు. రెండు కాళ్లూ కొలిచి, తెచ్చిన పెట్టెల్లోంచి సరిపోయే జత తీసి, మడమ తిరగేసి, కొంచెం కొంచెంగా తొడిగింది. అక్క లేచి నాలుగడుగులు వేసింది. జారలేదు. ఆమె కాళ్లవంకే చూసుకుంటూ నిలబడింది.

పి.ఏ. గొంతు సవరించుకున్నాడు. "రెండో జత కూడా ఉందమ్మా, ఉతుక్కున్నప్పటికి. మంత్రిగారు ఒక్కటే కోరారు. ఇక మీరు కుర్చీ మాట ఎత్తకూడదు."

"ఎత్తను" అంది అక్క.

"ఎక్కడా?"

"ఎక్కడా ఎత్తను బాబూ. మీ కుర్చీ నాకెందుకు?"

అతను ఊపిరి పీల్చుకుని గుమ్మం దాకా వెళ్లాడు.

"బాబూ" అని పిలిచింది అక్క. "దుకాణంలో మా యజమానిని ఒక స్టూలు అడగొచ్చా?"

పి.ఏ. ఆగిపోయాడు.

"ఎంత ఎత్తుదమ్మా?" అని అడిగి, ఫోన్ తీసుకుని వీధిలోకి వెళ్లాడు.